మీ ఇద్దరి కాగితాల గురించి

చిన్నీ,

కెనడాలో నీతో ఉంటున్న అబ్బాయికి కూడా పీఆర్ (అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి) కోసం నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫారాలన్నీ వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాను. రెండు రోజులు కూర్చుని చదివాను. అర్థం కానిచోట పక్కవాటా లాయరు గారబ్బాయిని అడిగాను. మొన్న ఫోన్లో "మేం కలిసి బతుకుతున్నామని ఎవరికో ఎలా రుజువు చేయాలమ్మా" అని ఏడ్చావు చూడు, అప్పుడు నాకు నోట మాట రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఈ టెన్షన్ నేను పడిందే తల్లీ. 2016లో మీ నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం వెళితే, "మీరు ఆయన భార్య అనడానికి ఆధారం ఏముందమ్మా" అని అడిగారు. ఇరవై ఏడేళ్లు ఆయనతో కాపురం చేసినదాన్ని. మా పెళ్లి 1989లో అయింది. దాన్ని రిజిస్టర్ చేయించాలని అప్పట్లో మన ఇళ్లలో ఎవరికీ తోచలేదు. సర్వీసు రిజిస్టరులో నామినీగా నా పుట్టింటి ఇంటిపేరు రాసి ఉంది, ఆధార్‌లోనేమో మీ నాన్న ఇంటిపేరు. ఆ తేడాకి పద్నాలుగు నెలలు తిరిగాను. శుభలేఖ, పెళ్లి ఫోటోలు పట్టుకెళితే పక్కన పెట్టేశారు. పనికొచ్చినవి పాత రేషన్ కార్డు, గ్యాస్ పుస్తకం, పోస్టాఫీసులో మా ఇద్దరి పేర్ల మీద ఉన్న ఖాతా. వాటిని చూసే తహసీల్దారు గారు కుటుంబ సభ్యుల పత్రం ఇచ్చారు. మేం ఎప్పుడూ దాచుకోవాలని అనుకోని కాగితాలే చివరికి నన్ను భార్యని చేశాయి.

కెనడాలోనూ అంతేనని నాకు అర్థమైంది. ఆగకుండా కనీసం ఒక ఏడాది ఒకే ఇంట్లో, ఆలుమగల్లా కాపురం చేసి ఉండాలి. అప్పుడు మిమ్మల్ని కామన్ లా పార్ట్‌నర్స్ అంటారు. 2002లో వచ్చిన వాళ్ల ఇమ్మిగ్రేషన్ చట్టంలో పెళ్లి చేసుకున్నవాళ్లతో పాటు ఇలాంటివాళ్లూ ఉన్నారు. మన పెద్దమామయ్య "ఓ గుళ్లో తాళి కట్టించేస్తే ఈ గొడవ ఉండదు కదా" అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. పెళ్లి మీకు ఎప్పుడు చేసుకోవాలనిపిస్తే అప్పుడు చేసుకోండి, దగ్గరుండి చేయిస్తాను. ఫైలు కోసం మాత్రం వద్దు.

ఇప్పుడు అసలు మాట, తేదీలు. నీకు పీఆర్ వచ్చింది 2023 ఫిబ్రవరిలో. అతను నీ ఇంట్లోకి వచ్చింది జూన్‌లో. ఈ రెండు తేదీలూ ఏ ఫారంలో రాసినా ఒక్కలాగే ఉండాలి. ఎందుకంటే పీఆర్ వచ్చేనాటికే భాగస్వామి ఉండి, ఆ సంగతి అప్పుడు చెప్పకపోతే, తర్వాత ఆ మనిషిని స్పాన్సర్ చేయడానికి, అంటే నీ పూచీ మీద పీఆర్ ఇప్పించడానికి, మామూలుగా వీల్లేదట. మీ విషయంలో అలా లేదు, ఫిబ్రవరిలో మీరు వేర్వేరు ఇళ్లలోనే ఉన్నారు. కానీ ఎక్కడో తొందరలో "2022 నుంచి కలిసి ఉన్నాం" అని పడిందా, లేని తప్పు నెత్తిన పడుతుంది. స్నేహం మొదలైంది 2022లో, కాపురం మొదలైంది 2023లో. అవి రెండూ వేరని స్పష్టంగా రాయి. ఏడాది తక్కువైందేమోనని ఒక్క నెల కూడా కలపొద్దు. అబద్ధం బయటపడితే అయిదేళ్లపాటు దరఖాస్తు చేసుకునే దారే మూసేస్తారు.

ఇంటి అగ్రిమెంటులో మొదటి ఎనిమిది నెలలు నీ పేరు ఒక్కటే ఉందని భయపడుతున్నావు. ఇంటివాళ్ల చేత, అతను ఏ నెల నుంచి అక్కడ ఉంటున్నాడో ఉత్తరం రాయించుకో. ఆ నెలల్లో అతని పేరున ఆ అడ్రసుకి వచ్చినవన్నీ వెతుకు. బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోను బిల్లు, డ్రైవింగ్ లైసెన్సు, కారు ఇన్సూరెన్సు, జీతం స్లిప్పులు. టాక్సు కాగితాల్లో మీరిద్దరూ ఏమని రాశారు? ఏడాది నిండాక కూడా ఎవరైనా సింగిల్ అని రాసి ఉంటే ముందు అది సరిచేయించు. ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో ఇంకోలా ఉంటే ఏమవుతుందో నన్ను చూసి తెలుసుకో.

అతను వాళ్ల నాన్న ఆపరేషన్‌కని అయిదు వారాలు కొట్టాయం వెళ్లాడు కదా. దాంతో ఏడాది లెక్క తెగిపోదు. ఇంటి అవసరానికి కొన్నాళ్లు వెళ్లి మళ్లీ అదే ఇంటికి వస్తే కాపురం సాగినట్టే. దాచకుండా రాసి, టికెట్లు, హాస్పిటల్ కాగితం జత చెయ్యి. ఆ అయిదు వారాల్లో మీరు మాట్లాడుకున్న మెసేజులు కూడా. ముద్దు మాటలు ఏరి పెట్టక్కర్లేదు. నువ్వు నాకు ఒకసారి చూపించావు గుర్తుందా? కిటికీలో కరివేపాకు మొక్క ఫోటో పెట్టి "రెండు కొత్త చిగుళ్లు వచ్చాయి" అని నువ్వు, "నీళ్లు ఎక్కువ పోయకు, అద్దె ఒకటో తారీఖున కట్టేశాను" అని అతను. నాకు అది చూశాకే మనసు కుదుటపడింది. అలాంటివి పెట్టు. ఫోటోలు మాత్రం ఇరవై లోపే పెట్టమన్నారు, నాతో వీడియో కాల్‌లో మాట్లాడినవి కూడా ఒకటి రెండు చేర్చు.

5409 నంబరు ఫారం, కలిసి కాపురం చేస్తున్నామని మీరిద్దరూ నోటరీ ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టేది. సంతకానికి ముందు ఇద్దరూ కూర్చుని ప్రతి లైనూ పైకి చదవండి. ఇంకోటి, స్పాన్సర్‌గా నువ్వు పెట్టే సంతకం గురించి. అతనికి పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు అతని తిండి, బట్ట, నీడ బాధ్యత నీది. ఈలోగా మీరు విడిపోయినా ఆ బాధ్యత పోదు. ఇది నీకు అనుమానం పుట్టించాలని చెప్పడం లేదమ్మా. తెలిసి పెట్టిన సంతకం వేరు.

2023 దసరాకి నువ్వు సంగతి చెప్పినప్పుడు మూడు వారాలు నీతో మాట్లాడలేదు నేను. నువ్వు పంపిన ఫారాల్లో "మీ బంధం ఇంట్లోవాళ్లకి తెలుసా" అనే ప్రశ్న చదివినప్పుడు ఆ మూడు వారాలూ గుర్తొచ్చి చాలా బాధపడ్డాను. ఆ ప్రశ్నకి నా జవాబు నేనే రాశాను. నువ్వు ఎప్పుడు చెప్పావో, నేను కోపగించుకున్నానని, తర్వాత ప్రతి ఆదివారం అతనూ నాతో మాట్లాడుతున్నాడని, నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి డబ్బు మీ ఇద్దరి ఖాతా నుంచే వచ్చిందని, అన్నీ ఉన్నది ఉన్నట్టు రాశాను. తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లీషు చేయించాలి. నువ్వు చేయకూడదు, ఇంట్లోవాళ్ల అనువాదం చెల్లదట. రాజమండ్రిలోనే అనువాదకుడిని చూశాను. ఆయన అఫిడవిట్ కూడా ఇస్తానన్నారు.

అతని పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటో తీసి పంపు. వాళ్లు పేర్లు రాసే తీరు మనలా ఉండదు కదా, నా ఉత్తరంలో పేరు ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. వాళ్ల అమ్మగారి నంబరు కూడా పెట్టు. ఆవిడా ఒక ఉత్తరం రాస్తే బాగుంటుంది, నేనే అడుగుతాను. ఆవిడకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. ఇద్దరికీ వచ్చీరాని హిందీ ఉంది, దాంతో మాట్లాడుకుంటాం.

అమ్మ