మన పెద్ద మెకానిక్ వెళ్తున్నారు, ట్రస్టు పగ్గాలు నేను వదులుతున్నాను

బెంగళూరు రామమూర్తి నగర్‌లోని మన సైకిల్ షాపుకు వచ్చే అందరికీ నమస్కారం.

పదకొండేళ్లుగా మీ సైకిళ్లకు వైద్యం చేస్తున్న పెద్ద మెకానిక్ ఈ నవంబరు 29, శనివారంతో పని మానుకుని సొంత ఊరు మదనపల్లె వెళ్తున్నారు. షాపును ఆనుకుని 2021 నుంచి నడుస్తున్న మన సైకిళ్ల ట్రస్టుకు డిసెంబరు 1 నుంచి నేను మేనేజింగ్ ట్రస్టీని కాను. ఒకదానికి కారణమైన తప్పే రెండోదానికీ కారణం. వారం రోజులుగా కౌంటరు దగ్గర అడిగినవారికి అడిగినంత చెబుతున్నాను. ఒకరికి సగం, మరొకరికి పావు చెప్పడం నాకే బాగా లేదు. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

ట్రస్టు సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. 2020లో లాక్‌డౌన్ సడలించాక బెంగళూరులో సైకిలు దొరకడమే గగనమైంది. గేర్ల సైకిలు కావాలంటే వారాల తరబడి ఆగవలసి వచ్చింది. అవుటర్ రింగ్ రోడ్డు మీద సైకిళ్లకు విడిగా దారి వేసింది కూడా అప్పుడే. ఏడాది తిరిగేసరికి ఆఫీసులు తెరుచుకున్నాయి, ట్రాఫిక్ మళ్లీ మొదటికి వచ్చింది, అంత ఆశగా కొన్న సైకిళ్లు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టాయి. వాటిని తెచ్చి బాగు చేసి, నడిచి పనికి వెళ్లే వాచ్‌మెన్‌లకు, వంటపనివాళ్లకు, గార్మెంట్ కార్మికులకు ఇవ్వడమే ట్రస్టు పని. ఇప్పటివరకు 312 సైకిళ్లు ఇచ్చాం. షాపులో మీరు కట్టే ప్రతి సర్వీసు బిల్లులో 20 రూపాయలు ట్రస్టుకే వెళ్తుంది.

దానం వచ్చిన సైకిలు ఉన్నదున్నట్టుగా పనికిరాదు. గేర్లు ఉంటే రోజూ వాడేవారికి భారమే, చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే డిరైలర్ ఒకటి వంగిందంటే దాని ఖర్చు వాళ్లు భరించలేరు. అందుకని మన మెకానిక్ గేర్లన్నీ ఊడదీసి ఒంటి ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే ఒకే పళ్ల చక్రం) బిగిస్తారు. అంతటితో అయిపోదు. గేర్లకు చోటివ్వడానికి వెనక చక్రం రిమ్మును హబ్బు (చక్రం నడిమి భాగం) మీద ఒక పక్కకు జరిపి కట్టి ఉంటారు. ఇప్పుడు దాన్ని మధ్యకు తేవాలి. ఒక వైపు పుల్లలు (స్పోకులు) పావు చుట్టు సడలించి, రెండో వైపు పావు చుట్టు బిగించి, చక్రం తిప్పి చూసి, మళ్లీ మొదలుపెట్టాలి. చివర్లో ఆయన చక్రాన్ని చెవి దగ్గరకు తెచ్చుకుని ఒక్కో పుల్లనూ వేలితో మీటుతారు. ఒక వైపు పుల్లలన్నీ ఒకే స్వరంలో పలికేదాకా వదలరు. ఏదైనా ఒకటి మందంగా పలికితే కళ్లు మూసుకునే దాన్ని బిగించే నట్టు లాంటి నిపుల్ వెతికి కీ పెడతారు. ఆ తర్వాత హబ్బు విప్పి పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, కొత్త గోళీలు పేర్చి, వాటిని పట్టి ఉంచే కోన్ బిగిస్తారు. ఒక్కో సైకిలుకు రెండున్నర గంటలు పడుతుంది. ఈ పని అంతా రాత్రి ఎనిమిదికి షట్టరు సగం దించాకే.

ఆ గంటలకు నేను ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. సేవ అన్నాను. ట్రస్టు నా ఆలోచన, ఆదివారాలు సైకిళ్లు పంచేటప్పుడు ఫోటోలో నిలబడిందీ నేనే. కనుక అది నాకు సేవే. ఆయనకు మాత్రం అది జీతం లేని రెండో డ్యూటీ. నాలుగేళ్లుగా నోరు తెరిచి అడగలేదు. మొన్న జూన్‌లో జీతం కవరు తీసుకుంటూ అన్నారు: "అన్నా, మా పాప పదో తరగతికి వచ్చింది. నేను తొమ్మిదిలోపు ఇంట్లో ఉండేది ఆదివారం ఒక్కటే. ఊళ్లో చిన్న షాపు పెట్టుకుంటాను." కోపం లేదు ఆ మాటలో. నిర్ణయం అప్పటికే అయిపోయిందని నాకు అర్థమైంది.

ఆపడానికి ప్రయత్నించాను. జీతం పెంచుతానన్నాను. ఆ మాట నాలుగేళ్ల ముందు అనవలసింది.

రెండో సంగతి కూడా జూన్‌లోనే బయటపడింది. మీలో చాలామందికి తెలిసిన రిటైర్డ్ బ్యాంకు మేనేజర్ మేడం గారు రెండేళ్లుగా మన ట్రస్టీల్లో ఒకరు. ఆడిటర్‌కు పంపే ముందు ఒకసారి లెక్కలు చూడమని రిజిస్టర్లు ఆవిడ చేతిలో పెట్టాను. షాపు ముందు స్టూలు వేసుకుని గంటన్నరసేపు ఒక్క మాట మాట్లాడకుండా చూశారు. తర్వాత అడిగారు: "టైర్లు, ట్యూబులు, చైన్లు అన్నీ మీ షాపులోనే కొన్నారు. బిల్లు ఇచ్చేదీ మీరే, చెక్కు రాసేదీ మీరే అయితే, ట్రస్టు తరఫున బేరమాడింది ఎవరు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. దొంగ లెక్కలు కావవి, ప్రతి సామానుకూ బిల్లు ఉంది, మీకు అమ్మిన ధరకే ట్రస్టుకూ అమ్మాను. కానీ ఏడాదికి వంద టైర్లు కొనేవాడికి హోల్‌సేల్‌లో తక్కువకు ఇస్తారని ఈ వ్యాపారంలో ఉన్న నాకు తెలియనిది కాదు. ట్రస్టీ అయినవాడికి ట్రస్టు సొమ్ము వల్ల అనుచిత లాభం కలగకూడదని 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. ట్రస్టీ నుంచి సరసమైన ధరకు మించి కొన్నా, ఆయన సేవలకు మించి చెల్లించినా ట్రస్టుకున్న పన్ను మినహాయింపుకే ముప్పు. మా ధరలు ఆ గీత దాటలేదని ఆడిటర్ అన్నారు. అయితే గీతకు ఇవతల ఉన్నామా అవతల ఉన్నామా అని తేల్చుకోవలసిన చోటికి మీ డబ్బును తీసుకువెళ్లింది నేను.

మీరు కట్టిన ఆ 20 రూపాయల గురించి కూడా చెప్పాలి. నెలనెలా ట్రస్టు ఖాతాకు మార్చవలసిన ఆ డబ్బును 2023 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో షాపు అద్దెకు వాడుకున్నాను. వ్యాపారం మందగించింది, ఓనరు గట్టిగా అడిగారు, సొరుగులో ఆ డబ్బు కనిపించింది. మొత్తం 9,460 రూపాయలు. నవంబరులో తిరిగి కట్టేశాను, రిజిస్టరులో ఉంది. తిరిగి కట్టినంత మాత్రాన అది నా డబ్బు అయిపోదు. అది మీరు ఇచ్చింది, మీకు తెలియాలి.

ఇక డొనేషన్ సర్టిఫికెట్లు. ట్రస్టుకు వచ్చిన విరాళాల వివరాలు ఏటా మే 31లోపు 10బీడీ ఫారంలో దాఖలు చేస్తేనే మీకు 80జీ (విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద చూపించుకునే 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది. ఈసారి జూన్ 19న దాఖలు చేశాను. రోజుకు 200 చొప్పున 19 రోజుల ఆలస్య రుసుము 3,800 రూపాయలు నా జేబులోంచి కట్టాను. నలుగురి పాన్ నంబర్లు తప్పుగా ఎక్కించాను, వారికి నేనే ఫోన్ చేస్తున్నాను, సవరించిన ఫారం వేసే పని నడుస్తోంది. తరచూ అడుగుతున్నారు కాబట్టి ఒక మాట: సైకిలు ఇస్తే 80జీ మినహాయింపు రాదు, డబ్బు రూపంలో ఇచ్చినదానికే వస్తుంది. నగదైతే 2,000 రూపాయలు దాటకూడదు.

ఇప్పుడు ఎవరు ఏం చేస్తారో చెబుతాను. డిసెంబరు 1 నుంచి మేడం గారే మేనేజింగ్ ట్రస్టీ. చెక్కుల మీద ఆవిడ సంతకం, ఇంకొక ట్రస్టీ సంతకం ఉంటాయి, నా సంతకం ఉండదు. నేను మరో ఏడాది మామూలు ట్రస్టీగా ఉంటాను. షాపుతో ముడిపడిన ఏ తీర్మానంలోనూ ఓటు వేయను. విడిభాగాలు ట్రస్టు నేరుగా హోల్‌సేల్‌లో కొంటుంది. మీ 20 రూపాయలు బిల్లులో కలపడం మానేస్తున్నాం. కౌంటరు మీద ట్రస్టు క్యూఆర్ కోడ్ ఉంటుంది, ఇష్టమైనవారు నేరుగా వేయవచ్చు. నా సొరుగులోకి రాదు.

ట్రస్టుకు మొదటిసారి జీతం తీసుకునే మనిషి వస్తున్నారు. పావగడ నుంచి వచ్చి ఇక్కడ నాలుగిళ్లలో వంట చేసిన ఆవిడ. 2022లో మన దగ్గరే సైకిలు తీసుకున్నారు. నెల తిరక్కుండా దాన్ని వెనక్కి తెచ్చి, "అన్నా, అడ్డంగా కడ్డీ ఉంది. చీర కట్టుకుని దీన్ని ఎలా ఎక్కమంటారు?" అని అడిగారు. అంతవరకూ ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు. మాకు వచ్చే పది సైకిళ్లలో ఎనిమిది జెంట్స్ సైకిళ్లు, అడిగేవారిలో సగానికి పైగా ఆడవాళ్లు. వాళ్లు మొహమాటంతో తీసుకునేవారు, ఇంట్లో మొగుడో కొడుకో తొక్కేవాడు, వాళ్లు మళ్లీ నడిచే వెళ్లేవారు. ఆవిడ చెప్పాకే కడ్డీ లేని సైకిళ్లు విడిగా సేకరించడం మొదలుపెట్టాం. సైకిలు రాని ఆడవాళ్లకు తెల్లవారుజామున మైదానంలో ఆవిడే నేర్పారు, అదీ జీతం లేకుండా. ఇక నెలకు 18,000. ఎవరికి సైకిలు ఇవ్వాలన్నది ఇకపై ఆవిడ నిర్ణయం, నా సిఫారసు పని చేయదు. దయచేసి మీ వాచ్‌మన్ పేరు నాకు చెప్పకండి, ఆవిడకు చెప్పండి. కన్నడం, తెలుగు రెండూ మాట్లాడతారు. మీ ఇంట్లో కడ్డీ లేని లేడీస్ సైకిలు మూలన పడి ఉంటే అదే మాకు అన్నిటికంటే ముఖ్యం.

షాపులో పెద్ద మెకానిక్ స్థానంలోకి ఆరేళ్లుగా ఆయన పక్కన పని నేర్చుకున్న రాయచూరు కుర్రాడు వస్తున్నాడు. చక్రం పనిలో గురువుకు తీసిపోడు. హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, సస్పెన్షన్ ఫోర్కులు మాత్రం అతనికి ఇంకా చేతికి రాలేదు. ఫిబ్రవరి చివరి వరకు ఆ రెండు పనులూ తీసుకోం. ఎక్కడ బాగా చేస్తారో అడిగితే చెబుతాను. మిగతా రిపేర్లకు కూడా డిసెంబరులో రెండు మూడు రోజులు ఎక్కువ పట్టవచ్చు. షాపు ఎనిమిదికి మూస్తాం, ట్రస్టు సైకిళ్ల పని పగలే, కూలీ ఇచ్చే జరుగుతుంది.

కూలీ మాట వచ్చింది కనుక, ఓవరాలింగ్ (సైకిలంతా విప్పి శుభ్రం చేసి బిగించడం) 600 నుంచి 750 అవుతుంది. 2025 సెప్టెంబరు 22న సైకిళ్లు, విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఆ తగ్గింపు మీకే ఇచ్చాను, అది అలాగే ఉంటుంది. పెరిగేది మనిషి చేతి పనికి ఇచ్చే డబ్బు మాత్రమే. ఇన్నాళ్లూ మన ఓవరాలింగ్ చవకగా ఉండటానికి ఒక కారణం, ఇద్దరు ముగ్గురు తమకు రావలసినదానికంటే తక్కువ తీసుకోవడం.

పెద్ద మెకానిక్‌కు ఏమిచ్చి పంపుతున్నారని చాలామంది అడిగారు. ఆయనకు చూపించి, ఆయన సరేనన్నాకే ఇక్కడ రాస్తున్నాను. పది మంది కంటే తక్కువ పనివాళ్లున్న షాపు కాబట్టి గ్రాట్యుటీ నియమం మాకు వర్తించదు. అయినా అదే లెక్క పట్టుకున్నాను: నెల జీతం 24,000, నెలకు 26 పని రోజుల లెక్కన ఏడాదికి పదిహేను రోజుల జీతం, పదకొండేళ్లు. 1,52,307 రూపాయలు వచ్చింది. రిజిస్టరులో ట్రస్టు సైకిళ్లకు ఎదురుగా ఉన్న ఆయన పొడి సంతకాలు ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 312లో ఆయన చేసినవి 268. సైకిలుకు 250 చొప్పున 67,000. ఇది ట్రస్టు డబ్బు కాదు, నాది. ఒకేసారి ఇవ్వలేను, సగం ఇచ్చాను, మిగతాది మార్చిలోపు ఇస్తానని కాగితం రాసి ఇచ్చాను. చక్రాలు సరిచేసే స్టాండు కూడా ఆయన వెంటే మదనపల్లె వెళ్తుంది. దాని మీద ఆ చేతులే ఉండాలి.

శనివారం సాయంత్రం ఏడు వరకు ఆయన షాపులోనే ఉంటారు. ఆయన చేతి మీదుగా బాగైన సైకిలు మీ దగ్గర ఉంటే, ఆ సాయంత్రం దాని మీదే రండి.