కమిషనర్ గారూ, ముందు ఆ జాలీలను తిప్పించండి

విజయవాడ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి నమస్కారం.

సైకిల్ తొక్కేవాళ్ల కోసం పనిచేస్తున్న వాలంటీర్లం. మొదటి విన్నపానికి పెద్దగా ఖర్చు లేదు. మురుగుకాలవల మీది ఇనుప జాలీల కమ్మీలు రోడ్డు వెంబడి ఉంటే ముందు చక్రం సందులో దిగబడుతుంది, మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. మామూలు సైకిల్ టైరు వెడల్పు 35–40 మిల్లీమీటర్లు, రేసింగ్ సైకిళ్లకు 25–28 మాత్రమే. చదరపు జాలీని పైకెత్తి అడ్డంగా తిప్పితే సరి. పొడవాటిదైతే 10 సెంటీమీటర్లకొక అడ్డపట్టీ వెల్డింగ్ చేయించాలి. ఏ వార్డులో ఏ జాలీ ఎటు ఉందో ఫొటోలతో జాబితా మేమిస్తాం.

బీసెంట్ రోడ్డు మొదట్లో, పండిట్ నెహ్రూ బస్టాండు దగ్గర సైకిల్ స్టాండ్లు పెట్టించండి. ముందు చక్రాన్ని మాత్రమే పట్టే రకం మాత్రం వద్దు. సైకిల్ ఒరిగితే రిమ్ము వంగుతుంది. తాళం చక్రానికే పడితే దొంగ చక్రం వదిలేసి మిగతాది పట్టుకుపోతాడు! తిరగేసిన ‘యూ’ ఆకారపు పైపు చాలు: ఎత్తు 75–80 సెంటీమీటర్లు, పైపుకీ పైపుకీ మధ్య మీటరు. ఒక్కోదానికి రెండు సైకిళ్లు.

చివరగా, బీఆర్‌టీఎస్ రోడ్డులో ఆదివారం పొద్దున రెండు గంటలు నీడపట్టున కాస్త చోటు ఇప్పించండి. పంక్చర్ వేయడం ఉచితంగా నేర్పుతాం. పంపు, టైరు లీవర్లు, ఉప్పుకాగితం, సొల్యూషన్, ప్యాచీలు మావే. బకెట్ నీళ్లు చాలు. సొల్యూషన్ తడి ఆరకముందే ప్యాచీ అంటించడం, టైరులో దిగిన ముల్లు తీయకపోవడం: వేసిన పంక్చరే మళ్లీ పడేది ఎక్కువగా ఈ రెండింటివల్లే.

ఇట్లు,
సైకిల్ వాలంటీర్లు, విజయవాడ