క్యాచ్ పోయింది సరే, తర్వాత?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అబ్బాయికి 13 ఏళ్లు. హన్మకొండలో ఒక క్రికెట్ అకాడమీలో చేర్పించి రెండేళ్లవుతోంది. ఆదివారం మ్యాచ్ ఉంటే పొద్దున్నే బండి మీద దింపి, అయిపోయేదాకా నేనూ అక్కడే గ్రౌండ్ చుట్టూ ఉన్న జాలీ పట్టుకుని నిలబడతాను. మొన్న ఆదివారం చూసింది ఇంకా మనసులోంచి పోవట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

మిడ్ వికెట్‌లో ఒక పిల్లాడు చేతిలో పడ్డ క్యాచ్ వదిలేశాడు. బౌలర్ నడుం మీద చేతులు పెట్టుకుని వాడి వైపే చూస్తూ నిలబడ్డాడు, కీపర్ గ్లౌజు తీసి నేలకేసి కొట్టాడు. జాలీ ఇవతల నుంచి ఒకాయన, ఆ బౌలర్ తండ్రేలెండి, "చేతులున్నయా లేవారా నీకు?" అని అరిచాడు. కోచ్ చూస్తూ ఊరుకున్నాడు. ఆ పిల్లాడేమో తల ఎత్తాల్సి వస్తుందని కింద కూర్చుని, ఊడని షూ లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. తర్వాతి ఓవర్లో బంతి పక్కనుంచే పోతే వంగనైనా వంగలేదు. క్యాచ్ పట్టడం రాక కాదు, బంతి నా వైపు రాకుంటే చాలు దేవుడా అనే దాకా వచ్చేశాడు వాడు. అలాంటి వాళ్లు ఇద్దరుంటే ఆ టీమ్ తొమ్మిది మందితో ఆడుతున్నట్టే కదా?

ఇంటికొచ్చాక నాకు మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ గుర్తొచ్చాడు. 2025 ఆగస్టు, ఇంగ్లండ్‌తో ఓవల్ టెస్టు. ప్రసిధ్ కృష్ణ బౌలింగ్‌లో హ్యారీ బ్రూక్ కొట్టిన బంతిని బౌండరీ దగ్గర చక్కగా పట్టుకుని, వెనక్కి అడుగేసి తాడు తొక్కేశాడు. ఔట్ కావాల్సింది సిక్స్ అయింది. అప్పటికి 19 మీదున్న బ్రూక్ 111 కొట్టాకే వెళ్లాడు. మన మ్యాచ్ పోయిందనే అనుకున్నాం అందరం, నేనైతే టీవీ కట్టేశాను కూడా. మర్నాడు పొద్దున ఇంగ్లండ్‌కి కావాల్సింది 35 పరుగులే, చేతిలో నాలుగు వికెట్లు. బంతి మళ్లీ సిరాజ్ చేతికే వచ్చింది. ఆ నాలుగింట్లో మూడు అతనే తీశాడు, ఆఖరిది యార్కర్‌తో అట్కిన్సన్‌ని బౌల్డ్ చేసి. మిగిలిన ఒక్కటీ తీసింది ఎవరనుకున్నారు, ముందు రోజు ఎవరి బౌలింగ్‌లో క్యాచ్ పోయిందో ఆ ప్రసిధే. 6 పరుగులతో గెలిచాం. వాళ్లిద్దరూ రాత్రంతా మొహాలు మాడ్చుకుని తిరిగుంటే ఆ పొద్దున అలా ఉండేదా?

మన దగ్గర 'యాటిట్యూడ్' అంటే పొగరు అనే అర్థం స్థిరపడిపోయింది. పిల్లలు సిరాజ్ నుంచి నేర్చుకుంటున్నదీ అదే, ఔటైనవాడి మొహం మీదికెళ్లి అరవడం. అదే సిరీస్‌లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ ఓపెనర్ డకెట్‌ని ఔట్ చేసి అలా మీదికెళ్లినందుకు అతనికి మ్యాచ్ ఫీజులో 15 శాతం జరిమానా పడింది, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

అలాగని కోపమే రాకూడదని కాదు నేననేది. 2010లో మొహాలీలో ఆస్ట్రేలియా మీద, నడుం నొప్పితో తన బదులు పరుగెత్తడానికి రన్నర్‌ని పెట్టుకుని ఆడుతున్న లక్ష్మణ్, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, తనతో బ్యాటింగ్ చేస్తూ పరుగుకి తటపటాయించిన ఓజా మీద బ్యాట్ ఎత్తి మరీ అరిచాడు. ఆ కోపం అక్కడ గెలవాల్సిన పరుగు కోసం, ఒక్క వికెట్ తేడాతో గెలిచారు కూడా. మా గ్రౌండ్‌లో కీపర్ గ్లౌజు విసిరింది దేనికోసం? తప్పు నాది కాదు, వాడిది అని జాలీ ఇవతల ఉన్న మాకు చూపించడానికి.

ఇది నేర్పింది కూడా మేమే. గెలిచిన రోజు మా వాడికి ఐస్‌క్రీమ్, ఓడిన రోజు ఇంటిదాకా బండి మీద క్లాసు. "నువ్వు బాగానే ఆడావు, మిగతావాళ్లే పోగొట్టారు" అని నేనే ఎన్నిసార్లు అన్నానో.

జిల్లా సెలక్షన్లు చేసేవాళ్లకి నాదొక మాట. పరుగులూ వికెట్లూ మీ పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. ఔటై వచ్చినవాడు ప్యాడ్లు విప్పి ఎక్కడ కూర్చున్నాడు, తర్వాత వెళ్లేవాడికి బంతి ఎలా వస్తోందో చెప్పాడా లేదా, క్యాచ్ వదిలినవాడి దగ్గరికి ముందు ఎవడు వెళ్లాడు, ఇవి కూడా కాస్త చూసి రాసుకోండి. అకాడమీల వాళ్లు ముందుగా మమ్మల్ని, అంటే తల్లిదండ్రుల్ని, జాలీ దగ్గర నుంచి దూరంగా పంపండి.

వచ్చే ఆదివారం మళ్లీ మ్యాచ్ ఉంది. గేటు బయట టీ బండి దగ్గరే ఉంటానని మా వాడికి మాటిచ్చాను. "నిజంగానా నాన్నా?" అని రెండుసార్లు అడిగాడు.

- ఒక పాఠకుడు, హన్మకొండ