ఓడినవాళ్ల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

గుద్దులూ తన్నులూ కుస్తీ పట్లూ అన్నీ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనగానే మీ క్రీడల పేజీలో ఛాంపియన్ల ముచ్చటే. ఛాంపియన్ బెల్టు లేనివాడికి రెండు లైన్లు కూడా దక్కవు. అమెరికా ఫైటర్ ట్యాంక్ అబాట్ గురించి ఒక్కసారైనా రాశారా? గుబురు గడ్డం, బానపొట్ట, నోటి దురుసు. క్రీడాకారుడంటే మా ఇంట్లోవాళ్లు నమ్మలేదు. 1995 జూలైలో, ఈ ఆటకు పేరున్న అమెరికా పోటీ యూఎఫ్‌సీ ఆరో టోర్నీలో తొలిసారి దిగి, తనకంటే ఎంతో బరువైన జాన్ మాటువాని అర నిమిషంలోపే పడగొట్టాడు. అదే రాత్రి ఇంకో రెండు ఫైట్లు. ఫైనల్లో ఒలెగ్ తక్తరోవ్ చేతిలో ఓడాడు. 2008లో కింబో స్లైస్ అనే మరో ఫైటర్ ఆయన్ని 43 సెకన్లలో ముగించేశాడు. మొత్తం లెక్క 10 గెలుపులు, 15 ఓటములు. అయినా ఆయన వస్తున్నాడంటే జనం వచ్చేవారు.

వేళ్లు బయటికి ఉండే చిన్న గ్లోవ్స్‌తో యూఎఫ్‌సీలో దిగిన తొలివాళ్లలో ఈయనా ఒకడు. అవి అక్కడ తప్పనిసరి అయింది 1997లో.

అలాంటి గ్లోవ్సే వేసుకుని మా మేనల్లుడు రోజూ తెల్లారకుండానే ఆర్కే బీచ్ ఇసుకలో ప్రాక్టీస్ చేస్తాడు. మొన్న వాకింగ్‌కొచ్చిన పెద్దాయన వాటిని చూసి, "బైక్ ఎక్కడ పెట్టావు బాబూ?" అన్నారు. వాడు ఇప్పటిదాకా మూడు ఫైట్లు ఆడాడు, మూడూ ఓడాడు. చెవి ఉబ్బి గట్టిపడిపోయింది. వాళ్లమ్మకు అదో టెన్షన్. నాలుగోదానికి బరువు తగ్గాలని రాత్రిళ్లు అన్నం మానేశాడు.

ఈసారి విశాఖలో పోటీలు జరిగితే గెలిచినవాడి ఫొటో కింద ఓడినవాడి పేరు కూడా వేయండి. స్పెల్లింగ్ తప్పు లేకుండా.

— ఒక పాఠకుడు, కంచరపాలెం, విశాఖపట్నం