రిమోట్ అన్నారు సరే, ఏ రిమోటో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. విజయవాడ బీసెంట్ రోడ్డులోనూ, గుంటూరు అరండల్‌పేటలోనూ బొమ్మల షాపుల్లో మోటారుతో నడిచే బిల్డింగ్ సెట్లు మళ్లీ ముందు వరసకి వస్తాయి. క్రేను, జేసీబీ, ట్యాంకు, రేసు కారు. పిల్లలు ముక్కలు బిగించి తయారుచేసుకుని రిమోటుతో నడుపుకునే రకం. పెట్టె మీద బొమ్మ పెద్దది, ముక్కల అంకె ఇంకా పెద్దది. "రిమోట్ కంట్రోల్" అన్న మాట మాత్రం అన్నిటి మీదా ఒకటే. ఆ ఒక్క మాట కింద నాలుగు రకాల సరుకు అమ్ముడుపోతోంది. ఏది ఏ రకమో కొనేవాళ్లకి తెలియదు, చాలాసార్లు అమ్మేవాళ్లకీ తెలియదు. ఇంటికెళ్లాక మొదలయ్యే తగువులు అక్కడే పుడుతున్నాయి.

మొదటిది టీవీ రిమోటులాంటి ఇన్‌ఫ్రారెడ్. లెగో కంపెనీ 2007లో తెచ్చిన పవర్ ఫంక్షన్స్ అనే మోటారు భాగాల వరస ఈ పద్ధతిదే. బొమ్మలో ఉండి రిమోటు సంకేతం అందుకునే ఒక్కో రిసీవరుకి రెండు మోటార్లు, మొత్తం నాలుగు చానళ్లు, అంటే ఒకే గదిలో ఎనిమిది మోటార్లను వేర్వేరుగా నడపొచ్చు. దాన్ని పోలిన సెట్లు ఇప్పటికీ దొరుకుతాయి, ధర తక్కువ. రిమోటూ రిసీవరూ ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, ఎండ ఉండకూడదు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ కూడా ఉంటుంది, దాని ముందు రిమోటు సంకేతం నిలబడదు. మన విజయవాడ ఎండకి డాబా మీద పెట్టి "రిమోటు పాడైంది" అనుకుంటే తప్పు రిమోటుది కాదు. సాయంత్రం హాల్లో పెట్టి చూడండి, నడుస్తుంది.

రెండోది 27 మెగాహెర్ట్జ్ రేడియో. ఎండతో గొడవ లేదు గానీ, పక్కింటి పిల్లాడి దగ్గర అలాంటిదే ఉంటే ఒకరి రిమోటుకి ఇద్దరి బొమ్మలూ కదులుతాయి. ఇద్దరు పిల్లలకని ఒకే మోడలు రెండు కొనేవాళ్లు ఈ రకం జోలికి పోకపోవడం మేలు.

మూడోది 2.4 గిగాహెర్ట్జ్, ఇదీ రేడియోనే. నా లెక్కలో పిల్లల చేతికి ఇవ్వడానికి ఇదే మంచిది. రిమోటూ బ్యాటరీ డబ్బాలోని రిసీవరూ ఒకదాన్నొకటి గుర్తుపట్టి జత కడతాయి, కాబట్టి పది బొమ్మలు ఒకేచోట ఆడినా గొడవ లేదు. చాలా సెట్లలో ముందు బొమ్మ స్విచ్ వేసి, వెంటనే రిమోటు స్విచ్ వేయాలి. మినుకుమినుకుమంటున్న లైటు నిలకడగా వెలిగితే జత కుదిరినట్టు. చిక్కు ఎక్కడంటే, ఆ రిమోటు పోతే పక్క షాపులో కొన్న ఇంకో రిమోటు పనిచేయదు. రెండూ 2.4 అయినంత మాత్రాన ఒకదాని భాష ఇంకోదానికి తెలియదు. అదే మోడలు రిమోటు దొరకాలి, లేదా రిమోటూ రిసీవరూ కలిపి జతగా మార్చాలి. "విడిగా రిమోటు దొరుకుతుందా" అని కొనేటప్పుడే అడగాలనేది ఇందుకే.

నాలుగోది అసలు రిమోటే లేని రిమోట్ కంట్రోల్. ఫోనులో యాప్ వేసుకుని బ్లూటూత్‌తో నడపాలి. ధర చూస్తే చాలావరకు పై మూడింటికంటే ఎక్కువే ఉంటుంది, పెట్టె విప్పితే చేతికి రిమోటు రాదు. ఇందులో తప్పేమీ లేదు, నడపడం చక్కగా ఉంటుంది, ప్రోగ్రామింగూ నేర్చుకోవచ్చు. కానీ ఫోనెవరిది? నాన్న ఫోను ఆఫీసుకి వెళ్లిపోతే బొమ్మ అలమరలోకి వెళ్లిపోతుంది. పైగా యాప్ ఎంతకాలం ఉంటుందన్నది కంపెనీ చేతిలో ఉంది. 1998 నుంచి ఉన్న మైండ్‌స్టార్మ్స్ అనే రోబో సెట్ల వరసనే లెగో 2022 చివరితో ఆపేసింది. పేరున్న కంపెనీ ఆపేముందు ముందుగా చెబుతుంది. ఊరూపేరూ లేని పెట్టె మీది క్యూఆర్ కోడ్ ఏడాది తర్వాత ఎక్కడికి తీసుకెళ్తుందో ఎవరు చెప్పగలరు? కొనేముందు షాపులోనే ఆ కోడ్ స్కాన్ చేసి, యాప్ మీ ఫోనులో ఎక్కుతుందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని.

యాప్ ఎక్కినా బొమ్మ దొరకడం లేదంటే మామూలుగా కారణాలు రెండు. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఉన్న ఫోన్లలో లొకేషన్ ఆన్ చేయకపోతే ఇలాంటి బ్లూటూత్ పరికరాలు యాప్‌కి కనపడవు. 12 నుంచి దగ్గర్లోని పరికరాలకు అనుమతి అని విడిగా అడుగుతుంది, అది ఇవ్వాలి. రెండోది, ఫోను సెట్టింగుల్లోకి వెళ్లి ఇయర్‌ఫోన్‌లా జత చేయబోవడం. అక్కడ జత చేయకూడదు, యాప్ లోపల నుంచే కలపాలి.

ఇక ధర సంగతి. అడిగితే మొదట వచ్చే జవాబు "పన్నులండీ" అని. అందులో నిజం లేకపోలేదు. దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. జీఎస్టీ లెక్క వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి మామూలు బొమ్మల మీద 12 శాతం కాస్తా 5కి దిగింది, ఎలక్ట్రానిక్ బొమ్మలకు మాత్రం 18 అలాగే ఉంది. పన్నుకు ముందు వెయ్యి రూపాయల సెట్టు మోటారు లేకుండా 1,050 అయితే, మోటారూ సర్క్యూటూ ఉంటే 1,180. తేడా 130 రూపాయలు. అవే ముక్కలున్న మోటారు సెట్టుకి రెట్టింపు చెప్పారంటే మిగతా సొమ్ము మోటారుకి, బ్యాటరీ డబ్బాకి, రిసీవరుకి, రిమోటుకి కడుతున్నట్టు. బేరం వాటి మీద ఆడాలి, ముక్కల అంకె మీద కాదు. వెయ్యి ముక్కల్లో గోరంత పిన్నులు ఎన్నో ఎవరికి తెలుసు?

అడగాల్సింది మోటార్లు ఎన్ని అని. ఒకే మోటారున్న కారు ముందుకు తిన్నగా పోతుంది, తిరిగితే వెనక్కి వచ్చేటప్పుడు మాత్రమే పక్కకు తిరుగుతుంది. కావలసిన వైపు తిప్పాలంటే స్టీరింగుకి రెండో మోటారు ఉండాలి. ట్యాంకుకి రెండు పట్టాలకీ చెరొకటి. క్రేనుకి చెయ్యి లేవాలంటే మూడోది. పెట్టె మీద క్రేను చెయ్యి ఎత్తి ఉంటుంది, లోపల దాన్ని చేత్తో తిప్పే పిడి ఉంటుంది! ఇంకో మెలిక, "మోటారు పెట్టుకునే వీలుంది" అన్న చిన్న అక్షరాలు. వీలుంది అంటే పెట్టెలో లేదని అర్థం.

సెల్లుల ఖర్చు ఎవరూ లెక్క వేయరు. ఆరు పెన్సిల్ సెల్లులు బొమ్మకి, రెండో మూడో సన్న సెల్లులు రిమోటుకి. చవకగా దొరికే మామూలు కార్బన్ సెల్లులు గోడ గడియారానికి సరిపోతాయి, మోటారుకి సరిపోవు. మోటారు బరువు లాగేటప్పుడు వాటి ఓల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, రిసీవరు ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది. చూసేవాళ్లకి రిమోటు తెగిపోతున్నట్టు ఉంటుంది. విడిగా మీటరు పెట్టి చూస్తే ఒక్కో సెల్లు ఒకటిన్నర ఓల్టు చూపించి మోసం చేస్తుంది. మోటారు తిరుగుతుండగా కొలవాలి. ఆల్కలైన్ వాడండి, లేదా చార్జింగ్ సెల్లులు వాడండి. చార్జింగ్ సెల్లు 1.2 ఓల్టులే కాబట్టి ఆరింటికి 9కి బదులు 7.2 వస్తుంది, వేగం ఐదో వంతు తగ్గుతుంది. పిల్లలు గొణుగుతారు గానీ నెలనెలా సెల్లులు కొనే బాధ తప్పుతుంది. ఆట అయ్యాక సెల్లులు తీసేయండి. ఆల్కలైన్ కారి స్ప్రింగుకి తెల్లపొడి పడితే, నిమ్మరసంలో కొద్దిగా తడిపిన దూదితో తుడిచి, బాగా ఆరబెట్టాక కొత్తవి వేయొచ్చు.

లిథియం ప్యాక్ ఉన్న సెట్లయితే ఒక జాగ్రత్త. పాతది పోతే ప్లగ్గు సరిపోయిందని ఏదో ఒకటి తగిలించకండి. అదే రెండు పిన్నుల ప్లగ్గు 4.8 ఓల్టుల ప్యాక్‌కీ వస్తుంది, 7.4 ఓల్టుల ప్యాక్‌కీ వస్తుంది. కొన్నిటిలో ఎరుపు, నలుపు వైర్లు అటూఇటుగా ఉంటాయి. ఒక్కసారి తప్పు పెడితే బోర్డు కాలిపోతుంది. ఉబ్బిన ప్యాక్‌ని చార్జింగ్ పెట్టనే వద్దు. వేసవిలో కారు డిక్కీలో వదిలేయడమూ వద్దు.

రిమోటు మీద పడే నింద చాలాసార్లు గేర్లది. ఎనిమిది పళ్ల గేరు ఇరవైనాలుగు పళ్ల గేరుని తిప్పితే వేగం మూడో వంతుకి తగ్గి, లాగే బలం దాదాపు మూడు రెట్లవుతుంది. అటుదిటు బిగిస్తే మోటారు ఉన్నచోటే మూలుగుతుంది. ఇంకా మామూలు తప్పు, ఇరుసు మీద, అది జారకుండా తొడిగే చిన్న రింగైన బుష్‌ని గట్టిగా నొక్కేయడం. బుష్‌కీ ఇరుసు దూరే దూలం ముక్కకీ మధ్య కాగితం దూరేంత సందు ఉండాలి. పరీక్ష తేలిక. మోటారు విడదీసి ఇరుసుని రెండు వేళ్లతో తిప్పండి. వేళ్లకి బరువుగా తగిలితే మోటారుకీ బరువే. ఇనుప పట్టీల సెట్లలో కదిలే కీలు దగ్గర నట్టు పూర్తిగా బిగించకూడదు. కొద్దిగా వదులు ఉంచి, దాని మీద రెండో నట్టు వేసి ఆ రెండింటినీ ఒకదానికొకటి బిగించాలి. మోటారు ఇరుక్కుని వేడెక్కితే కొన్ని సెట్లలో లోపలి రక్షణ దానంతట అదే కరెంటు ఆపేస్తుంది. కొద్ది నిమిషాలు చల్లారనిస్తే మళ్లీ తిరుగుతుంది, ఈలోగా విప్పి పాడుచేసుకోవద్దు.

ముద్ర సంగతీ చూడాలి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. కరెంటు, సెల్లులతో నడిచేవాటికి ఐఎస్ 15644 అన్న అంకె ఉంటుంది, పక్కనే సీఎం/ఎల్ అని లైసెన్సు నంబరు. ఈ ముద్ర ఇచ్చే బీఐఎస్ సంస్థవారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్సు ఎవరిదో తెలుస్తుంది. (భౌగోళిక గుర్తింపు ఉన్న మన కొండపల్లి బొమ్మకు ఈ ముద్ర అక్కర్లేదు, దాన్ని వెతకకండి.) పెట్టె మీద ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం లేకపోతే ఆ సరుకు ధర ఎంత తక్కువైనా వదిలేయడమే. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ వేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

వ్యాపారులకు మా విన్నపం చిన్నదే. పెట్టె మీద కంపెనీ రాయకపోతే మీరే ఒక చీటీ అంటించండి: రిమోటు ఏ రకం, ఫోను కావాలా, మోటార్లు ఎన్ని, సెల్లులు ఏవి ఎన్ని, రిమోటూ బ్యాటరీ డబ్బా విడిగా ఎంతకి దొరుకుతాయి. బిల్లులో కూడా "టాయ్" అని ఊరుకోకుండా మోడలు నంబరు వేయండి. ఆర్నెల్ల తర్వాత రిమోటు కోసం వచ్చినవాళ్లకి ఏది ఇవ్వాలో ఆ నంబరు లేకపోతే మీకూ తెలియదు. తూనికలు, కొలతల శాఖవారు పండగ ముందు టపాసుల దుకాణాలతో పాటు ఈ పెట్టెలను కూడా ఓసారి తిప్పి చూస్తే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ