రోజా (రంజాన్ ఉపవాసం) ఉండే పిల్లల మధ్యాహ్నాల గురించి విద్యాశాఖ అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

అర్జీలకు జవాబు రానందున నెల్లూరు ముస్లిం తల్లిదండ్రులం ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

హిజ్రీ, అంటే ముస్లింల చాంద్రమాన లెక్కలో అధికమాసం లేదు. అందుకే రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇప్పుడది ఫిబ్రవరి, మార్చిల్లో, పదో తరగతి పరీక్షల ముంగిట పడుతోంది. రోజాకు ముందు తినే సహరీ తెల్లవారుజామున అయిదున్నర లోపే ముగుస్తుంది, రోజా విడిచే ఇఫ్తార్ సాయంత్రం ఆరు దాటాకే. మధ్యలో గుక్కెడు నీళ్లు కూడా ఉండవు. యుక్తవయసు రాని పిల్లలకు రోజా విధి కాదు. అయినా చాలామంది ఇష్టపడి రోజా ఉంటారు. అలాంటి పిల్లల్ని పొగలు కక్కే సాంబారు గిన్నె పక్కనే, భోజనాల వరసలో కూర్చోబెడుతున్నారు. ఆపైన ఆఖరి పీరియడ్ ఎండలో ఆటలు. కళ్లు తిరిగేది అక్కడే, అదీ ఆకలికన్నా ఒంట్లో నీరు తగ్గడం వల్ల.

మేం కోరే ఉత్తర్వుకు పైసా ఖర్చు లేదు. హాజరుతోపాటే రోజా పిల్లల లెక్క తీసుకుంటే వంటవాళ్లు బియ్యం తగ్గించి పోస్తారు. భోజనవేళ లైబ్రరీ గది తెరవాలి. ఆటలు ఉదయానికి మార్చాలి. నీరసిస్తే రోజా విరమించి, తర్వాత మరో రోజు కజాగా (బదులు రోజాగా) తీర్చుకోవచ్చని ఉపాధ్యాయులకు చెప్పాలి. హిందువులు, ముస్లింలు కలిసి రొట్టెల పండుగ జరుపుకునే ఊళ్లో ఇది పెద్ద కోరికేం కాదు.

మరొకటి. రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం బడిలో జరిగే మతపరమైన ప్రార్థనలో మైనర్లు పాల్గొనాలంటే సంరక్షకుల సమ్మతి ఉండాలి. ఆ సమ్మతి పత్రాన్ని ప్రవేశ దరఖాస్తుకే జతచేయించండి.

రంజాన్ నెలవంకకు పదిహేను రోజుల ముందే ఈ ఉత్తర్వు ప్రతి బడికీ చేరేలా చూడగలరు.

ఇట్లు,
నెల్లూరు ముస్లిం విద్యార్థుల తల్లిదండ్రులు