దూరదేశంలో యుద్ధం, మన ఇంట్లో టీవీ

తల్లిదండ్రులకు నమస్కారం.

యుద్ధ వార్తలు జోరుగా వచ్చే రోజుల్లో కొందరు పిల్లలకు సరిగ్గా బడికి బయలుదేరే వేళకే కడుపునొప్పి వస్తుంది. దాన్ని సాకు అనుకోకండి. చిన్నపిల్లల్లో భయం మాటల్లో కన్నా ఒంట్లోనే ముందు బయటపడుతుంది. పీడకలలు, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవడం, అడిగిందే అడగడం కూడా అలాంటివే.

ఒకే పేలుడును టీవీ పదిసార్లు చూపిస్తే, ఆరేళ్ళ పిల్ల పది పేలుళ్ళు జరిగాయనుకుంటుంది. పెద్దలకూ దెబ్బే. 2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత ఒక అధ్యయనం చేశారు. ఆ వారంలో రోజుకు ఆరు గంటలకు పైగా ఆ వార్తలే చూసినవాళ్ళకు, పేలుడు చోట ఉన్నవాళ్ళకన్నా ఎక్కువ మానసిక ఒత్తిడి కనిపించింది.

అందుకే అన్నం తినేటప్పుడు వార్తలు పెట్టకండి. పిల్లలు పడుకున్నాక పావుగంట చూస్తే చాలు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా టిక్కులు తీసేయండి, యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి. ఉక్రెయిన్ యుద్ధమప్పుడు వీడియో గేమ్ దృశ్యాలు కూడా అసలు యుద్ధమని ఫోన్లలో తిరిగాయి.

పిల్లలు అడిగితే "నీకెందుకు, పోయి ఆడుకో" అనొద్దు. చెప్పకుండా వదిలిన చోటును వాళ్ళ ఊహ ఇంకా భయంకరంగా నింపుతుంది. ముందు "నువ్వేం విన్నవ్ బిడ్డా?" అని అడగండి. అట్లాస్ తీసి చూపండి: ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరం మహబూబ్‌నగర్‌కు సుమారు 5,600 కిలోమీటర్ల దూరం.

నాన్నో మామో గల్ఫ్‌లో ఉన్న ఇంట్లో మాత్రం ఈ అట్లాస్ ఓదార్పు పనిచేయదు. ఆ పిల్లలకు యుద్ధం దూరంది కాదు. "ఏం కాదులే" అని మన చేతిలో లేని మాట ఇవ్వకండి. రోజూ ఒకే వేళకు ఫోన్ పెట్టుకోండి. నెట్ అందకపోతే ఫోన్ ఆలస్యమవుతుందని ముందే చెప్పి ఉంచండి. లేకపోతే రాని ఫోన్ కోసం పిల్ల రాత్రంతా మేలుకుంటుంది. మీ దుఃఖం పిల్ల చూసినా తప్పులేదు, "నాకూ బుగులైతుంది, సాయంత్రం మాట్లాడదాం" అంటే చాలు.

ఇంకొక్క మాట. యుద్ధం పేరుతో ఏ మతం వాళ్ళనైనా ఇంట్లో తిడితే, మరునాడు అదే మాట తరగతిలో పక్క బెంచీ పిల్లవాడికి తగులుతుంది. దయచేసి జాగ్రత్త.

నిద్ర, తిండి రెండు వారాలైనా కుదుటపడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. డైరీలో ఒక్క వాక్యం రాసి పంపితే క్లాస్ టీచర్ కూడా గమనిస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు